తొమ్మిదో వార్డు గిన్నెలు

మార్చి 4, 2094

ఈ నోటుపుస్తకం నా సొంతం. ఆఫీసు వాళ్ళిచ్చిన పలకలో నాలుగే గడులుంటాయి: ఎవరు, ఎవరికి, ఏం పని, ఎన్ని నిమిషాలు. వాటిలో పట్టనివి రోజూ బోలెడు మిగిలిపోతున్నాయని ఇది కొనుక్కున్నాను.

పొద్దున్న ఏడింటికి బయల్దేరాను. పెద్దాపురం తొమ్మిదో వార్డులో నాకు అప్పజెప్పినవి రెండు వందల పన్నెండు ఇళ్ళు. సత్తెమ్మగారు పెసలు రోట్లో రుబ్బి పక్కింటికి నాలుగు అట్లు పంపారు: ముప్పై అయిదు నిమిషాలు. ఎదురింట్లో యంత్రం రుబ్బిన పిండితో యంత్రమే అట్లు వేసింది: సున్నా. లక్ష్మీకాంతం కోడలికి జడ వేసింది: పన్నెండు నిమిషాలు. నేను పలకలో రాస్తుండగానే ఆ జడ విప్పేసి మళ్ళీ అల్లడం మొదలెట్టింది.

"ఒకే జడ రెండుసార్లు రాయనండి" అన్నాను.

"అది పొద్దుటి జడ. ఇది మధ్యాన్నప్పూట జడ."

అప్పటికి ఎనిమిదిన్నర కూడా కాలేదు. కోడలు పిల్ల నావైపు జాలిగా చూసింది. రాయలేదు.

చివరి ఇల్లు గవర్రాజు బాబాయిగారిది. బస్సుల మెకానిక్కుగా చేసి మానేశారు, డెబ్భై ఏళ్ళుంటాయి. వార్డులో ఎవరి మంచం నవారు వదులైనా ఆయనే బిగించిపెడతారు. ఒక్క నిమిషం కూడా రాయనివ్వరు.

"నన్ను రాయకమ్మాయ్. నేను దేశం కోసం ఎవరి మంచమూ బిగించలేదు" అన్నారు ఇవాళ కూడా.

ఆయన మీద నాకు ఒళ్ళు మండుతుంది. వారానికి తక్కువలో తక్కువ తొమ్మిది గంటలు ఆ ఇంటి గుమ్మంలోంచి ఊరికే పోతున్నాయి.

సాయంత్రం ఇంటికొచ్చి అక్క గాలి యంత్రం గొట్టాలు కడిగాను. విశాలక్కకి నాలుగేళ్ళ కిందట వచ్చిన జ్వరం ఛాతీ కండరాలను తినేసింది. ముక్కు మీద తొడుగు పెట్టుకుంటే యంత్రం ఊపిరి కొట్టిపెడుతుంది. తొడుగు తీస్తే పది నిమిషాలు తనంతట తాను లాక్కోగలదు. ఆ పది నిమిషాలూ కబుర్లకే ఖర్చు పెడుతుంది.

"నా పేరు పక్కన ఏం వేశావివాళ?" అంది తొడుగు తీసి.

"సున్నా."

"నాలుగేళ్ళ నుంచీ సున్నాయే. బళ్ళో మొద్దు పిల్లలక్కూడా నేను అన్నేసి వెయ్యలేదే అమ్మడూ."

అక్క ఎవరికీ ఏమీ చెయ్యలేదు కాబట్టి చేసినవారి గడిలో ఆమె పేరు లేదు. ఎవరికి అనే గడిలో మాత్రం రోజూ ఉంటుంది. అది ఆమెకు నచ్చదని నాకు తెలుసు. నేను చెయ్యగలిగిందేమీ లేదు.

ఏప్రిల్ 1

ఇవాళ దేశాల వరుస ప్రకటించారు. నైజీరియా ఒకటి, ఇండోనేషియా రెండు, మనం మూడు. మూడు నెలలకోసారి ప్రకటిస్తారు, కిందటిసారీ ఇదే వరుస.

యంత్రాలు చేసే సరుకు ఏ దేశంలోనైనా ఒకటే అయిపోయాక దాన్ని లెక్కలోంచి తీసేశారు. ఏ దేశపు ఆర్థిక వ్యవస్థ ఎంత పెద్దదో ఇప్పుడు తేలేది మనిషి మనిషికి ఊరికే చేసిపెట్టిన పనిని బట్టి. ఆ వరుసను బట్టి నింగి నుంచి దిగే కరెంటు పంచుతారు. మొదటి మూడు స్థానాలకూ కోత లేదు. ఆరు దాకా రోజుకి మూడు గంటలు, పది దాకా ఆరు గంటలు. మా తాతల నాటి సూర్యుడి పలకలు పాడైపోయి మేడ మీద ఇంకా ఉన్నాయి. వాటి మీద ఒడియాలు పెడుతున్నాం.

అక్క మంచానికి ఎదురుగా గోడకి ఆమె బడి నుంచి తెచ్చుకున్న చెక్క ఉంది. చెక్క నిండా మేకులు. ఎడమవైపు 1700, కుడివైపు ఈ ఏడాది. దేశానికో రంగు దారం. పిల్లలకి పాఠం చెప్పడానికి తన చేత్తో కట్టుకుంది. మనది పసుపు. 1700 దగ్గర మన దారమూ చైనా దారమూ పై రెండు మేకులకీ ఉంటాయి. అక్కణ్ణుంచి మనది జారుతూ వస్తుంది, ఇంగ్లండు నీలం ఎక్కుతుంది, దాన్ని దాటి అమెరికా ఎరుపు. జపాను తెలుపు రెండో మేకుదాకా వెళ్ళి నలభై ఏళ్ళుండి దిగింది. ఈ చేతిపనుల లెక్క వచ్చిన ఏడాది దగ్గర దారాలన్నీ జడపాయల్లా తారుమారయ్యాయి. ఇప్పుడు ఎరుపు పద్నాలుగో మేకుకి ఉంది.

అక్క చెబుతుంటే నేను పసుపు దారాన్ని లాగి మూడో మేకుకి చుట్టాను.

"చూడు, పైమేకు దగ్గర ఏ దారమైనా ముడేసుకు కూచుందా?" అంది.

"ఇప్పుడు నీ క్లాసు వద్దు, తొడుగు పెట్టుకో" అన్నాను.

మే 12

ప్రపంచ కొలత సంఘం నుంచి తనిఖీకి ఒకామె వచ్చింది. పేరు అబెనా, ఘనా దేశం. మన మాట ఆమె చెవిలో ఆమె భాషలో పడుతుంది, ఆమె మాట మెళ్ళోని బిళ్ళలోంచి తెలుగులో వస్తుంది. నెమ్మదస్తురాలు. ఎండకి మొహమంతా చెమట కారుతున్నా గొడుగు అడగలేదు. మా సూపర్‌వైజరు కృపానిధిగారు రాత్రే ఫోన్ చేసి, "అమ్మా సుభాషిణీ, వార్డు మొత్తం తిప్పు, మనవాళ్ళ చేతులు చూపించు, దడిపించెయ్యాలి" అన్నారు.

దడిపించాను. సత్తెమ్మగారింటి నుంచి గుత్తివంకాయ కూర గిన్నె లక్ష్మీకాంతం ఇంటికి వెళ్తోంది. అది వెళ్ళడమూ, లక్ష్మీకాంతం కూర వేరే గిన్నెలోకి తీసుకుని, సత్తెమ్మగారి గిన్నె కడిగి అందులో రెండు మామిడిపళ్ళు పెట్టి వెనక్కివ్వడమూ అబెనాగారు అక్కడే నిలబడి చూసింది.

"గిన్నె ఖాళీగా ఎందుకివ్వలేదు?" అని అడిగింది.

నాకు భలే ఉత్సాహం వచ్చింది. మన సంగతులు అడిగేవాళ్ళు ఎక్కడ దొరుకుతారు! "మా దగ్గర గిన్నె ఖాళీగా తిరిగివ్వరండి. ఇంట్లో ఏమీ లేకపోతే చిటికెడు పంచదారైనా వేసిస్తారు. మా అమ్మ చనిపోయిన వారంలో కూడా మేము ఒక్క గిన్నె ఖాళీగా పంపలేదండి. బెల్లం ముక్క వేసి పంపాం" అన్నాను.

"ప్రతిసారీనా?"

"ప్రతిసారీనండి."

"ఈ వార్డులోనేనా?"

"అయ్యో, ఎక్కడైనా అంతేనండి. ఖాళీ గిన్నె ఇస్తే మళ్ళీ ఆ ఇంటి మొహం చూడగలమా?"

ఇంకేదో అడగబోయి మానేసింది. "నేను విన్నది విన్నట్టు రాయాలి" అంది. "తప్పకుండా రాయండి" అన్నాను నేను.

ఇవాళ మా వార్డు పరువు నిలబెట్టాననిపించింది. అక్కకి చెబితే తొడుగు తియ్యకుండానే కనుబొమ్మలు ముడిచింది. ఎందుకో అడగలేదు, పొయ్యి మీద అన్నం పొంగుతోంది.

జులై 1

ఎనిమిదో స్థానం.

మూడు నుంచి ఎనిమిదికి. వార్తల్లో నివేదిక మొత్తం చదివారు. బదులు ముట్టిన పని ఊరికే చేసిన పని కాదట, మార్పిడి అట. మార్పిడికి విలువ సున్నా. ఇవాళ్టి నుంచి పలకలో అయిదో గడి కూడా వచ్చింది: ఊరికేనా, మార్పిడా. ఈ దేశంలో ఇళ్ళ మధ్య తిరిగే గిన్నెలన్నీ నిండుగానే తిరిగొస్తాయి కాబట్టి ఆ వంటల గంటలన్నీ కొట్టేశారు. కింద ఉదాహరణ ఇచ్చారు: పెద్దాపురం, తొమ్మిదో వార్డు. "ఖాళీగా ఇస్తే మొహం చూడగలమా" అన్న నా మాట కూడా అచ్చు వేశారు.

మధ్యాహ్నానికి లక్ష్మీకాంతం వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"నోరు మూసుక్కూచుంటే నీ సొమ్మేం పోయేదే? దేశాన్ని ముంచేసేవు గదా!"

ఆమె అన్నదానికంటే ఎక్కువే నన్ను నేను తిట్టుకుంటున్నాను.

రేపటి నుంచి పదింటి నుంచి నాలుగింటి వరకూ కరెంటు ఉండదు. అక్క యంత్రంలో బ్యాటరీ రెండు గంటలు పనిచేస్తుంది. పెద్దాసుపత్రిలో అడిగాను. పడకల కోసం నా ముందు నలభై ఒక్క పేర్లున్నాయి. వాళ్ళు ఒక రబ్బరు బుడ్డి చేతికిచ్చి, తొడుగుకి తగిలించి అరచేత్తో నొక్కమన్నారు. నిమిషానికి పదిహేను నొక్కులు. ఆపకూడదు.

పసుపు దారం ఎనిమిదో మేకుకి కట్టాను. ముడి రెండుసార్లు జారిపోయింది.

జులై 2

పన్నెండింటికి బ్యాటరీ అయిపోయింది. బుడ్డి తగిలించి మొదలుపెట్టాను. మొదటి అరగంట సులువుగానే గడిచింది. ముప్పావుగంట దాటాక బొటనవేలు లోపలికి లాగేసింది. చెయ్యి మార్చాను. ఒంటిగంటా పది అయ్యేసరికి రెండు చేతులూ ముడుచుకోవడం మానేశాయి. మోచేత్తో ఒత్తాను. అక్క కళ్ళు పెద్దవి చేసుకుని నావైపే చూస్తోంది. నాలుగింటికి ఇంకా మూడు గంటలుంది. నాకు ఏడుపొచ్చింది, ఏడిస్తే లెక్క తప్పుతుందని ఆపుకున్నాను.

వీధి తలుపు చప్పుడైంది. గవర్రాజు బాబాయిగారు. మంచం నవారు చూడ్డానికి వచ్చారట. చెప్పులు విప్పి, చేతులు కడుక్కుని, నా భుజం పట్టుకుని పక్కకి జరిపారు.

"మా తాత ఆటో హారనూ ఇలాగే ఉండేది. చిన్నప్పుడు దీంతో ఊరంతా లేపేవోణ్ణి. టీచరుగారూ, మీరు భయపడకండి" అన్నారు.

ఇరవై నిమిషాలు నొక్కాక నావైపు తిరిగారు.

"రాసుకో అమ్మాయ్."

"ఏంటండీ?"

"ఇది రాసుకో. ప్రతి నొక్కూ రాసుకో. కరెంటు రావాలిగా."

పలక తీసి రాశాను. ఎవరు: గవర్రాజు. ఎవరికి: విశాలాక్షి. ఆయన పేరు నా పలకలో పడటం ఇదే మొదలు. అక్షరాలు సరిగా కనబడలేదు, కళ్ళు తుడుచుకుని మళ్ళీ సరిచూశాను.

జులై 9

ఎనిమిదిమంది కుదిరారు. మనిషికి అరగంట. పన్నెండింటికి బాబాయిగారు, పన్నెండున్నరకి సత్తెమ్మగారు, అలా నాలుగింటి దాకా. మూడింటి వంతు లక్ష్మీకాంతానిది. మొదటిరోజు నాతో మాట్లాడకుండా తిన్నగా అక్క దగ్గరికెళ్ళి కూచుంది. వంతయ్యాక అక్కకి జడ కూడా వేసింది, ఒక్కసారే.

సత్తెమ్మగారి వంతయ్యాక కాఫీ కలిపి తెచ్చాను. ఆవిడ చేతులు వెనక్కి పెట్టేసుకుంది.

"వద్దమ్మా. తాగేననుకో, నా అరగంట మార్పిడైపోద్ది."

"ఒక్క కాఫీయేనండి."

"నీకు దణ్ణం పెడతాను, అవతలికి తీసుకుపో. వాసనొస్తంది."

నా చేత్తో కాఫీ పారబొయ్యడం జన్మలో ఇదే మొదటిసారి. ఇంటికొచ్చినవాళ్ళకి మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా పంపుతున్నాను. మా అమ్మ ఉంటే నన్ను గుమ్మానికి కట్టేసేది.

ఆగస్టు 20

వంటింట్లో జాగా లేదు. నొక్కడానికి వచ్చేవాళ్ళు అక్కకి చారో, పెరుగన్నమో గిన్నెలో తెస్తున్నారు. ఆ గిన్నెలు కడిగిపెడతాను. ఏదైనా వేసి ఇస్తే వాళ్ళ గంటలు పోతాయి. ఖాళీగా ఇవ్వడానికి నాకు చెయ్యి రాదు. అందుకని గట్టు మీదే పేరుస్తున్నాను. ఇవాళ్టికి పదహారు గిన్నెలు.

సాయంత్రం లక్ష్మీకాంతం వచ్చింది. "మా చారు గిన్నె ఇచ్చెయ్యవే. పప్పు దేంట్లో వండాలో తెలీక చెంబులో వండేను" అంది.

గిన్నె తెచ్చి ఇచ్చాను, ఖాళీది. ఆమె దాన్ని కొంగు కింద పెట్టుకుంది. ఇద్దరం చెరోవైపు చూశాం. వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కొచ్చి, "నీ దగ్గరే ఉండనీ" అని గిన్నె గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయింది.

ఒకటి మాత్రం చెప్పాలి. అక్క బావుంది. వచ్చినవాళ్ళు నొక్కుతూ మాట్లాడతారు, ఆమె తలూపుతుంది. బాబాయిగారికి చెక్క మీది దారాలన్నీ వచ్చేశాయి. "జపాను ఎప్పుడు దిగింది?" అని అక్క సైగ చేస్తే నొక్కుడు ఆపకుండా, "రెండువేల పదండి" అంటారు పిల్లాడిలా. సత్తెమ్మగారికి మాత్రం ఇంగ్లండుకీ అమెరికాకీ తేడా ఇంకా తెలియడం లేదు.

అక్టోబరు 1

రెండో స్థానం!

కృపానిధిగారు ఫోన్లో అరుస్తున్నారు. దేశం మొత్తం ఇదేనట. కోత గంటల్లో విసనకర్రలు విసిరారు, నీళ్ళు తోడారు, రోళ్ళు బయటికొచ్చాయి, రోగులున్న ఇళ్ళల్లో మా ఇంట్లోలాగే బుడ్డీలు నొక్కారు. బదులుగా ఎవరూ ఏమీ ముట్టలేదు. అన్నీ నిఖార్సయిన ఊరికే గంటలు. నైజీరియా మొదటి స్థానంలోనే ఉంది కానీ గంటలు తగ్గాయి. ఇండోనేషియా అయిదుకి దిగింది.

మా ఇంటి గంటలే మూడు వందల అరవై పైచిలుకు. నివేదికలో మా వార్డు పేరు మళ్ళీ వచ్చింది, ఈసారి మెచ్చుకుంటూ. వార్డులో స్వీట్లు పంచారు. ఎవరు ఎవరికిచ్చినా మార్పిడి కింద రాకూడదని అవి యంత్రమే పంచింది.

దారం రెండో మేకుకి కట్టాను. కోత లేదు. పదింటికి కరెంటు పోలేదు, పన్నెండింటికి యంత్రం ఆగలేదు. నేను మంచం పక్కన నేల మీద పడుకుని రెండు గంటలు నిద్రపోయాను. జులై తర్వాత పగటిపూట నిద్ర ఇదే.

అక్టోబరు 6

పొద్దున్న వార్డు తిరిగాను. రోళ్ళు మళ్ళీ పెరట్లోకెళ్ళిపోయాయి. సత్తెమ్మగారింట్లో పిండి యంత్రం తిరుగుతోంది. "పోన్లే అమ్మా, నడుం నెప్పి" అంది. నిజమే. ఆవిడకి అరవై ఎనిమిది.

ఇంటికొచ్చేసరికి అక్క తలుపు వైపు చూస్తోంది. పన్నెండూ ఇరవై.

"బాబాయి రాలేదేం?" అంది తొడుగు తీసి.

"కరెంటుందిగా అక్కా."

"నిన్నా రాలేదు."

"యంత్రమే కొడుతోందిగా. వాళ్ళకీ పనులుంటాయి."

తొడుగు పెట్టేసుకుంది. గదిలో యంత్రం చప్పుడొకటే. మూడింటికి మళ్ళీ తలుపు వైపు చూసింది. అది లక్ష్మీకాంతం వంతు. నేను జడ వేస్తానన్నాను, వద్దంది.

సాయంత్రం చెక్క వైపు వేలు చూపించి, కుడిచివర ఈ నాలుగేళ్ళ మేకులూ చూడమంది. చూశాను. ఎక్కిన ప్రతి దారమూ ఏడాది తిరక్కుండా దిగింది. దిగినవే మళ్ళీ ఎక్కాయి.

"పైకెళ్తే కరెంటొస్తాది. కరెంటొస్తే చేతులాగిపోతాయి. చేతులాగితే దిగుతాం" అంది. మధ్యలో రెండుసార్లు ఊపిరి తీసుకుంది. "ఇందులో నువ్వు ముంచిందీ లేదు, నేను తేల్చిందీ లేదు. ఏడవకు."

నేను ఏడుస్తున్నట్టు నాకు తెలియదు.

"ఆ గిన్నెలు ఇంకా ఉన్నాయా?" అంది.

"ఇరవై మూడున్నాయి."

"నువ్వులు తెప్పించు. బెల్లం కూడా."

అక్టోబరు 8

నువ్వులు వేయించి బెల్లంతో దంచిపెట్టడం నా పని. ఉండలు చుట్టడం అక్క పని. తలగడల మీద ఆనించి, ఒళ్ళో పళ్ళెం పెట్టాను. వేళ్ళలో బలం లేదు. ఒక ఉండకి రెండు నిమిషాలు పడుతోంది. ఆరు చుట్టి కళ్ళు మూసుకుంటుంది, లేచి మళ్ళీ ఆరు. నేను సాయం పడితే చేతి మీద కొట్టింది. నాలుగేళ్ళలో నన్ను కొట్టడం ఇదే మొదలు. హాయిగా అనిపించింది.

గిన్నెకి నాలుగు చొప్పున తొంభై రెండు ఉండలు. మధ్యలో ఆగినవి తీసేస్తే మూడు గంటలా పది నిమిషాలు.

"రాయి" అంది.

పలక చేతిలో పట్టుకుని కూచున్నాను. ఉండలు చుట్టి గిన్నెల్లో పెట్టి పంపితే అది బదులు. ఏడాదిలోపు ఎప్పుడు బదులు ముట్టినా మొత్తం మార్పిడే. బాబాయిగారివీ, సత్తెమ్మగారివీ, లక్ష్మీకాంతానివీ, అందరి గంటలూ వచ్చే వరుసలోంచి కొట్టేస్తారు. అదే అక్కకి చెప్పాను. వరుస దిగితే కోతొస్తుంది. కోతొస్తే ముందు ఆగేది నీ యంత్రమే అన్నాను.

"గిన్నెలు పంపేసి, పలకలో రాయకుండా ఊరుకుంటాను" అని కూడా అన్నాను. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో అలాంటి మాట నా నోట్లోంచి రావడం ఇదే మొదలు.

"అంటే మళ్ళీ సున్నాయేనా నాకు?"

"అక్కా, కోతొస్తే..."

"ఊపిరి నాదే అమ్మడూ. నీది కాదు, దేశానిదీ కాదు. నా గిన్నెలు ఖాళీగా పోకూడదు. నా పేరు రాయి. ఏ గడిలో పడితే ఆ గడిలోనే రాయి."

రాశాను. ఎవరు: విశాలాక్షి. ఎవరికి: ఎనిమిది పేర్లు. ఏం పని: నువ్వులుండలు. మూడు గంటలా పది నిమిషాలు. మార్పిడి.

తను పలక అడిగి తీసుకుని చూసుకుంది. చాలాసేపు చూసుకుంది.

అక్టోబరు 9

గిన్నెలు పంచేలోపే కృపానిధిగారి ఫోన్.

"ఏంటమ్మా ఇది! పొరపాటున పడిందా?"

"లేదండి. చూసే రాశాను."

"మూడు వందల అరవై గంటలమ్మా! మెచ్చుకున్న వార్డు! ఆ ఒక్క గడీ ఖాళీగా వదిలెయ్, నేను చూసుకుంటాను. ఎవరికీ తెలీదు."

"ఖాళీగా వదలడం మా ఇంట్లో కుదరట్లేదండి."

ఆయన ఇంకేదో అన్నారు. ఉద్యోగం మాట కూడా వచ్చింది. భయమేసింది, చెప్పకపోవడమెందుకు. ఫోన్ పెట్టేసి రెండు సంచుల్లో గిన్నెలు సర్దుకుని బయల్దేరాను.

సత్తెమ్మగారు మూత తీసి చూసి, "అయ్యో, నా గంటలు" అంది. వెంటనే ఒకటి నోట్లో వేసుకుంది. లక్ష్మీకాంతం గిన్నెలు అందుకుని, "టీచరమ్మ చుట్టిందా? తన చేత్తోనే?" అని మూడుసార్లు అడిగింది. కోడల్ని పిలిచి చూపించింది.

బాబాయిగారు గడప మీద కూచుని ఉన్నారు.

"నా గంటలన్నీ కొట్టించేసేవంట గదా."

"అవునండి. క్షమించండి బాబాయిగారూ."

ఆయన ఉండ కొరికి నెమ్మదిగా నమిలారు. "బెల్లం తక్కువైంది. దంచింది నువ్వే గదా?" అన్నారు.

"నేనేనండి."

"చుట్టడం మాత్రం బెమ్మాండంగా కుదిరింది. చెప్పు ఆవిడకి."

2095, జనవరి 1

అయిదో స్థానం. రోజుకి మూడు గంటల కోత.

నా వల్ల అనుకున్నాను. కృపానిధిగారు నవ్వారు. ఈ మూడు నెలల్లో నలభై వేల వార్డుల నుంచి ఇలాంటి నమోదులు వచ్చాయట. అప్పాలు, జంతికలు, మామిడి తాండ్ర, కొన్ని చోట్ల చిటికెడు పంచదార. "నీలాంటి పిచ్చోళ్ళు దేశం నిండా ఉన్నారమ్మా. ఎంతమందిని తీసేస్తాం?" అన్నారు. ఆయన భార్య కూడా ఒక గిన్నె పంపిందట. ఎవరికో చెప్పలేదు.

ఇండోనేషియా మళ్ళీ రెండో మేకుకి ఎక్కింది. మన దారం అయిదుకి కట్టాను. అక్క ముడి గట్టిగా ఉందో లేదో చూడమంది.

జనవరి 2

పదింటికి కరెంటు పోయింది. బ్యాటరీ రెండు గంటలు వస్తుంది కాబట్టి నొక్కాల్సింది పన్నెండు నుంచి ఒంటిగంట దాకా, గంటే. నేనొక్కదాన్ని చాలు. ఎవరికీ కబురు చెయ్యలేదు.

పావుతక్కువ పన్నెండుకి గుమ్మంలో చెప్పులు విప్పుతున్న చప్పుడైంది. బాబాయిగారు. వెనకాల సత్తెమ్మగారు. ఆ వెనక లక్ష్మీకాంతం, చేతిలో దువ్వెన. అలా ఎనిమిదిమందీ వచ్చారు. గంట పనికి ఎనిమిదిమంది. వంతు మనిషికి ఏడున్నర నిమిషాలొచ్చింది. దానికోసం వాదులాడుకున్నారు.

అక్క తొడుగు తీసి, "జపాను ఎప్పుడు దిగింది?" అని సత్తెమ్మగారిని అడిగింది.

"నన్నడక్కండి బాబూ" అందావిడ.

వంటింట్లోకెళ్ళి తొమ్మిది కాఫీలు కలిపాను. పళ్ళెం తెచ్చి మధ్యలో పెట్టాను. గదిలో అందరూ ఒక్క క్షణం ఆగి పళ్ళెం వైపు చూశారు. బాబాయిగారు ఎడంచేత్తో బుడ్డి నొక్కుతూనే కుడిచెయ్యి చాపి గ్లాసు అందుకున్నారు.

అందరూ తాగారు. సత్తెమ్మగారు రెండోసారి కూడా అడిగింది.

పలకలో రాశాను: ఎనిమిది పేర్లు, విశాలాక్షికి, అరవై నిమిషాలు, మార్పిడి. చివరి గడి నింపాక, వెళ్తూ సత్తెమ్మగారు గట్టు మీద పెట్టిన గిన్నె మూత తీసి చూశాను. పులిహోర. రేపు దాంట్లో ఏం వెయ్యాలో అక్కని అడగాలి.